కాగితమునకును నేలకును నడుమ

“ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు” అను మాట తెలుగువారి నోట నానినది. మూడు గదుల యిల్లు కట్టుటకే ఇటుకలు రాలేదని ఒకనాడు, మేస్త్రీ రాలేదని మరునాడు, వాన వచ్చినదని మూడవనాడు పని ఆగును. అప్పు పెరుగును, గృహప్రవేశపు ముహూర్తము తప్పును, ఇంటివాని నిద్ర చెడును. అట్టి యిండ్లు నూర్లకొలది ఒక్కచోట లేచునపుడు, ఒక రహదారి పదుల కిలోమీటర్ల పొడవున సాగునపుడు, ఆ చింత యంతయు ఎవరి తలమీద నుండును? పెట్టుబడి పెట్టినవాడు నగరములో నుండును. నక్షా గీసినవాడు తన కార్యాలయములో నుండును. పని జరుగుచోట, ఎండలో, దుమ్ములో, ఉదయము మొదలు ప్రొద్దుగ్రుంకువరకు నిలిచి యుండువాడు ప్రాజెక్టు మేనేజరు. ఇంజనీరింగు పట్టము పుచ్చుకొని యీ వృత్తిలో ప్రవేశించు యువకులు, యువతులు నేడు మన పట్టణముల అంచులయందంతట కన్పట్టుచున్నారు. వారు దినమెల్ల చేయు పని యేమి? ఆ పనికి ప్రాణము వంటిది ఏది? ఇటీవలి సంవత్సరములలో తెలంగాణమున జరిగిన దుర్ఘటనలను తలచుకొన్నచో, ఈ ప్రశ్నను ఇంజనీర్లకు మాత్రమే వదలివేయుట తగదని తోచును.

హైదరాబాదునకు ఉత్తరమున మేడ్చల్ మండలములో రావల్కోల్ అను గ్రామము కలదు. 2016 అక్టోబరులో మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా ఏర్పడువరకు ఇది రంగారెడ్డి జిల్లాలోనిది. ఈ ప్రాంతపు నేల దక్కను పీఠభూమి నేల. గుండ్లు, బోళ్లు, ఎఱ్ఱ చెలకలు, వాననీటి చెరువులు ఇక్కడి పాత సంపద. నాగపురము దిక్కునకు సాగు 44వ జాతీయ రహదారి మేడ్చల్ మీదుగా పోవుచున్నది. కండ్లకోయ, శామీర్‌పేటల వద్ద బాహ్యవలయ రహదారి నగరమును చుట్టుకొని పోవుచున్నది. 2023 ఏప్రిలు 8వ తేదీన సికిందరాబాదు, మేడ్చల్ పట్టణముల నడుమ ఎం.ఎం.టి.ఎస్. రైలు ప్రారంభమైనది. ఇన్ని దారులు కూడినచోట భూమి వెల పెరుగుట, చెలకలు ప్లాట్లగుట, ప్లాట్లపై కట్టడములు లేచుట సహజము. శామీర్‌పేట సమీపమున జగ్గంగూడలో, ఇంజనీరింగు పట్టభద్రులకు నిర్మాణ నిర్వహణమును నేర్పు నిక్మార్ సంస్థ ప్రాంగణము కూడ నున్నది. అనగా ఈ వృత్తిని బోధించు తరగతి గదియు, ఆ వృత్తి జరుగు నేలయు ఇచ్చట ఇరుగుపొరుగులు.

పనిని నడిపించు విద్య మనకు క్రొత్తది కాదు. కడప జిల్లాలోని పోరుమామిళ్ల చెరువును గూర్చిన 1369వ సంవత్సరపు సంస్కృత శాసన మొకటి యున్నది. విజయనగరాధీశుడగు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెరువును త్రవ్వించెను. చెరువు కట్టుటకు కావలసిన అంగములు పండ్రెండనియు, దోషము లాఱనియు ఆ శాసనము వివరించును. ధర్మపరుడైన రాజు, జలశాస్త్ర మెరిగినవాడు, గట్టి నేల, తీయని నీటి యేరు, దగ్గరనే నిడుపాటి రాళ్లు దొరకు గని, కట్టుటలో ఆరితేరిన పనివారు మున్నగునవి అంగములు. కట్టనుండి నీరు ఊరుట, చౌడు నేల, రెండు రాజ్యముల పొలిమేరయం దుండుట, చెరువు నడుమ మిట్ట యుండుట, నీరు కొంచెమై తడుపవలసిన నేల విస్తారమగుట, చోటు కొంచెమై నీరు అధికమగుట అనునవి దోషములు. దినమునకు వేయిమంది కూలీలు, రాళ్లు తోలుటకు నూరు బండ్లు, రెండేండ్ల కాలము పట్టెనని కూడ ఆ శాసనము లెక్క చెప్పుచున్నది. మనుష్యులెందరు, బండ్లెన్ని, కాలమెంత, ఏ లోపము వలన పని చెడును అను నాలుగు ప్రశ్నలు ఆనాడే రాతికెక్కినవి. నేటి మేనేజరు కంప్యూటరు ముందు కూర్చుండి వేసికొను ప్రశ్నలు సారాంశమున ఇవియే.

గోదావరికి ధవళేశ్వరమువద్ద 1847 మొదలు 1852 వరకు ఆనకట్ట కట్టిన కాటను దొరపేరు బడిపిల్లలందరికిని తెలియును. ఆ పనిలో అతనికి చేదోడుగా నిలిచి, కూలీలను సమకూర్చి నడిపించిన వీణెం వీరన్న పేరు కొందరికే తెలియును. వేలమంది పనివారిని ఒక యేటి నడుమకు రప్పించి, వారికి కూలి, కూడు అమర్చి, వరద రాకముందే పని ముగించుట నక్షా గీయుట కంటె తక్కువ విద్య కాదు. మన చరిత్ర పుస్తకములలో కట్టించినవారి పేర్లు నిలిచినవి. కట్టినవారి చేతులు నిలువలేదు. ఆ యిరువురి నడుమ నిలిచినవాని పేరు తఱచుగా మఱుగుపడినది.

ఈ నడుమవాని దినము ఎట్లు గడచునో చూడవలెను. రావల్కోల్ వంటి గ్రామపు టంచున ఐదంతస్తుల కట్టడ మొకటి లేచుచున్నదనుకొందము. ఉదయము ఆఱు, ఏడు గంటల నడుమ మేనేజరు పనిచోటికి వచ్చును. అతడు మొదట చూచునది ఆకాశము. రెండవది హాజరు పట్టిక. నిన్న నలువదిమంది సెంట్రింగు పనివారు వచ్చిరి. నేడు ఇరువదియాఱుగురే వచ్చిరి. పదునలుగురు ఏమైరి? ఒకని యూర పెండ్లి, ఒకనికి జ్వరము, తక్కినవారిని ప్రక్క పనిచోటివారు కూలి హెచ్చు చూపి తీసికొనిపోయిరి. ఆ పదునలుగురు లేనిచో రెండవ అంతస్తు చెక్కపని రెండు దినములు వెనుకబడును. అది వెనుకబడినచో ఇనుప కడ్డీలు కట్టువారు ఊరక కూర్చుందురు. కాంక్రీటునకు చెప్పిన తేదీ మార్చవలెను. ఒక కొస లాగిన మఱియొక కొస కదలును.

పని మొదలగుటకు ముందు పనివారిని ఒకచోట నిలిపి, ఆనాటి అపాయము లెట్టివో చెప్పుట నేటి యాచారము. దీనిని టూల్‌బాక్స్ టాక్ అందురు. ఎత్తున పనిచేయువారు నడుమునకు పట్టీ కట్టుకొనిరా, పరంజా కఱ్ఱలు గట్టిగ నున్నవా, కరెంటు తీగ తడినేలపై పడియున్నదా అని చూచుట దీనిలోని భాగము. ఒకటిన్నర మీటరు లోతు దాటిన కందకమునకు ప్రక్కలు కూలకుండ ఊతలు పెట్టవలెనని భారత ప్రమాణము చెప్పుచున్నది. ఊతలు పెట్టుటకు కలప కావలెను, గంట పట్టును. “రెండు గంటల పనికి ఇంత హంగామా ఎందుకు సార్?” అని గుంపు మేస్త్రీ అడుగును. మేనేజరు ఇచ్చు జవాబు మీద ఆ కందకములో దిగువాని బ్రదుకు ఆధారపడి యుండును.

కాంక్రీటు పోయు దినము పరీక్ష దినము. ముందటి సాయంకాలమే అతడు చెక్కలను, క్రింద నిలిపిన ఊతలను, కడ్డీల లెక్కను సరిచూచుకొనవలెను. కడ్డీకిని కాంక్రీటు బయటి తలమునకును నడుమ విడువవలసిన మందము స్తంభమునకు 40, పునాదికి 50 మిల్లీమీటర్లు. ఇది తగ్గినచో కొన్నియేండ్లకు తేమ చేరి ఇనుము త్రుప్పు పట్టును. నక్షా సవరింపబడినపుడు పాత ప్రతి మేస్త్రీచేతిలోనే మిగిలిపోవుట మఱొక ముప్పు. కావున నక్షా మీది తేదీని చూచుట అతని దినచర్యలో చిన్నదిగా కన్పట్టు పెద్ద పని.

తయారు కాంక్రీటు లారీలలో వచ్చును. కలిపినది మొదలు రెండు గంటలలోపల దానిని దింపవలెనని ప్రమాణము. జాతీయ రహదారి మీద వాహనముల వరుస నిలిచినచో గడియారము ఆగదు. డ్రమ్ములోని కాంక్రీటు బిగియుచునే యుండును. లారీ వచ్చిన వెంటనే ఇనుప శంకువులో కాంక్రీటు నింపి, శంకువును పైకి తీసి, ముద్ద ఎంత క్రుంగినదో కొలుతురు. దీనిని స్లంపు పరీక్ష అందురు. 150 మిల్లీమీటర్ల ఘనములను పోసి దాచి, ఇరువదియెనిమిది దినముల తరువాత యంత్రములో నొక్కి బలము చూతురు. ఈ లోపల పైయంతస్తు పని సాగుచునే యుండును. అనగా నేటి పని మంచిదో చెడ్డదో తెలియుటకు నాలుగు వారములు పట్టును. నాలుగు వారముల తరువాత గాని బయటపడని తప్పును ఈ దినముననే చేయకుండుట యీ వృత్తిలోని కష్టము.

కాంక్రీటు బిగిసి పోయుటకు కష్టమైనపుడు పనివాడు, “సార్, జరంత నీళ్లు పోస్తే సాఫ్‌గ పోతది” అనును. అతని మాటలో దుర్బుద్ధి లేదు. భుజములు నొచ్చుచున్నవి, ఎండ మండుచున్నది. కాని ఆ నీరు కాంక్రీటు బలమును తగ్గించును. వలదని చెప్పి, లారీని త్రిప్పి పంపినచో ఆ నష్ట మెవరిదను తగవు. సరే యన్నచో నేటికి తగవు లేదు. అట్లే స్లాబు క్రింది ఊతల సంగతి. నాలుగున్నర మీటర్లలోపు వెడల్పు గల స్లాబునకు ఏడు దినములు, అంతకు మించినదానికి పదునాలుగు దినములు ఊతలు తీయరాదని మన ప్రమాణ గ్రంథము నిర్ణయించినది. పై అంతస్తునకు ఆ యూతలే కావలెను. క్రొత్తవి తెప్పింప డబ్బు కావలెను. పదునాలుగవ దినము రాకముందే, పదవ దినమున తీయుమని ఒత్తిడి వచ్చును. తీసినను పది సారులలో తొమ్మిది సారులు ఏమియు కాకపోవచ్చును. ఆ తొమ్మిది సారులే మనుష్యుని చెడగొట్టును.

మధ్యాహ్నము కాగితముల ప్రొద్దు. ఎంత త్రవ్విరి, ఎంత పోసిరి, ఎంత గోడ కట్టిరి అను కొలతలు కొలతల పుస్తకములో ఎక్కించవలెను. దానినిబట్టియే బిల్లు, బిల్లునుబట్టియే కంట్రాక్టరునకు సొమ్ము, ఆ సొమ్మునుబట్టియే శనివారము కూలి. బిల్లు ఎక్కడనో బల్లమీద నిలిచినచో, పనిచోట పొయ్యి ఆరును. ఇసుక రాలేదు, సిమెంటు వచ్చినది గాని దించువారు లేరు, విద్యుచ్ఛాఖవారు స్తంభము తొలగించుటకు తేదీ ఇయ్యలేదు, ఫోను మ్రోగుచునే యుండును. సాయంకాలము పనిచోటంతయు మరల తిరిగి వచ్చి, ఆ దినము జరిగినదానిని దినచర్య పుస్తకములో వ్రాయును. వాన ఎంతసేపు, మనుష్యు లెందరు, యంత్రము లెన్ని, పని యెంత, ఆగిన దెందుకు. ఒక పుట నిండును. ఆ పుట పైవారికి పంపబడును.

ఈ దినములన్నింటిని ఒక వరుసలో కూర్చు సాధనములు కూడ నున్నవి. ఏ పని ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగియునో గీతలుగా చూపు పట్టికను ఇరువదవ శతాబ్దపు తొలి దశకములలో అమెరికా దేశపు హెన్రీ గాంట్ వ్యాప్తికి తెచ్చెను. 1957 ప్రాంతమున అదే దేశమున క్రిటికల్ పాత్ అను పద్ధతి వెలసినది. వంద పనులలో ఏ కొన్ని పనులు ఒక్కదినము ఆలస్యమైనను మొత్తము ఆలస్యమగునో, వాని గొలుసును ఆ పద్ధతి వెదకి చూపును. ఇది లెక్కల విద్య. పదవ తరగతి విద్యార్థి కూడ అర్థము చేసికొనగలడు. కాని ఆ గొలుసు ఎచ్చట తెగునో లెక్క ముందుగా చెప్పజాలదు. హైదరాబాదు బాహ్యవలయ రహదారి మొత్తము 158 కిలోమీటర్లు. దాని తొలి భాగము 2008లో తెరువబడినది. కండ్లకోయవద్ద సుమారు ఒక కిలోమీటరు ముక్క భూమి తగవుల వలన నిలిచిపోయి, 2018లో గాని పూర్తి కాలేదు. ఒక కిలోమీటరు కొఱకు వలయము ఎదురుచూచినది. పోరుమామిళ్ల శాసనకర్త పొలిమేర తగవును దోషములలో చేర్చుట ఎంతటి అనుభవమో దీనివలన తెలియును. అట్లే సికిందరాబాదునుండి ఉత్తరమునకు 44వ జాతీయ రహదారిపై కట్టదలచిన ఎత్తు వంతెన దారికి రక్షణశాఖ భూములు కావలసి యుండెను. వాని కనుమతి లభించిన పిమ్మట 2024 మార్చిలో కండ్లకోయవద్ద శంకుస్థాపన జరిగినది. నేల మీద గునపము పడుటకు ముందు కాగితము ఏండ్ల తరబడి నడచును.

ఆలస్యము నష్టమే, కాని ఆలస్యము కంటె ఘోరమైనది వేఱొకటి యున్నది. 2024 మే 7వ తేదీ సాయంకాలము గాలివాన కురియగా, ఇదే మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోని బాచుపల్లిలో నిర్మాణములో నున్న కట్టడపు గోడ కూలి, దాని ప్రక్క గుడిసెలలో నున్న ఏడుగురు మరణించిరి. వారు ఒడిశా, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములనుండి పొట్టకూటికై వచ్చినవారు. అందు నాలుగేండ్ల బాలు డొకడు. 2025 ఫిబ్రవరి 22వ తేదీ ఉదయము నాగర్‌కర్నూలు జిల్లా దోమలపెంటవద్ద శ్రీశైలము ఎడమగట్టు సొరంగములో, సుమారు పదునాలుగు కిలోమీటర్ల లోపల, పైకప్పు కూలినది. ఎనిమిదిమంది లోపల చిక్కుకొనిరి. వారిలో ఇద్దరు ఇంజనీర్లు, ఇద్దరు యంత్రములు నడుపువారు, నలుగురు కూలీలు. వారముల తరబడి సాగిన గాలింపులో ఇద్దరి దేహములు మాత్రమే వెలికివచ్చినవి. మట్టి పట్టభద్రునికిని కూలివానికిని భేదము చూపలేదు. అంతకు ముందు, 2023 అక్టోబరు 21న మేడిగడ్డ బరాజు ఏడవ భాగమున స్తంభములు క్రుంగినవి. అది ప్రారంభమై నాలుగేండ్లు దాటినది. యోచన, నక్షా, నాణ్యత సరిచూచుట, తరువాతి సంరక్షణ అను అన్నింటియందును లోపములు కలిసినవని జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థవారు తమ నివేదికలో తెలిపిరి.

ఈ మూడింటి కారణములును వేఱు. బాధ్యతలు తేల్చవలసినవారు న్యాయస్థానములు, విచారణ సంఘములు. పత్రికా వ్యాసము తీర్పు చెప్పరాదు. కాని మూడింటికిని సమానమైన ప్రశ్న యొకటి యున్నది. గోడ కూలుటకు ముందు, భూమి జారుటకు ముందు, స్తంభము క్రుంగుటకు ముందు నేల ఏదో ఒక సంకేతము తఱచుగా ఇచ్చును. పగులు కనుపించును, మట్టినీరు ఊరును, ఊత వంగును. దానిని మొదట చూచువాడు పనిచోట నున్నవాడు. చూచినదానిని అతడు వ్రాయగలడా? వ్రాసినచో పైవారు చదువుదురా? చదువుటకు ముందే పని ఆపుటకు అతనికి అధికారము కలదా?

ఇందులకు ప్రపంచ చరిత్రలో ఒక కఠినమైన పాఠము కలదు. కెనడా దేశమున క్విబెక్ నగరమువద్ద సెయింట్ లారెన్స్ నదిమీద పెద్ద ఉక్కు వంతెన కట్టుచుండిరి. నక్షాలకు పెద్ద దిక్కు థియొడోర్ కూపర్ అను ప్రసిద్ధ ఇంజనీరు. ఆయన వృద్ధుడు, ఆరోగ్యము లేనివాడు, న్యూయార్కులో నుండెను. పనిచోట ఆయన తరపున నున్నవాడు నార్మన్ మెక్‌లూర్, కొలది యేండ్ల క్రిందటనే పట్టము పొందిన యువకుడు. 1907 ఆగస్టులో వంతెన క్రింది ఉక్కు దూలములు వంగుట అతడు చూచెను, కొలిచెను, వ్రాసెను. అది ప్రమాదము కాదని వాదించినవారుండిరి. అతడు స్వయముగా రైలెక్కి న్యూయార్కునకు పోయి పెద్దాయనకు చెప్పెను. పరిశీలించువరకు వంతెనమీద బరువు పెంచవలదని కూపర్ వెంటనే తంతి పంపెను. ఆ తంతి పోయినది ఫీనిక్స్‌విల్‌లోని కంపెనీ కార్యాలయమునకు, వంతెనకు కాదు. మరునాడు ఆలోచింతమని అచ్చట నిర్ణయించిరి. ఆ సాయంకాలమే, ఆగస్టు 29న, వంతెన నదిలో కూలినది. డెబ్బదియైదుగురు పనివారు మరణించిరి.

ఆ యువకుడు తన విద్యను మఱవలేదు, తన కన్నులను నమ్మెను, సత్యమును వ్రాసెను. అతనికి లేనిది ఒక్కటే: ఆ క్షణమున ఆ చోట నిలిచి “ఆపుడు” అను అధికారము. కెనడాలో 1925 నుండి క్రొత్త ఇంజనీర్లు ప్రతిజ్ఞ చేసి, చిటికెన వ్రేలికి ఇనుప ఉంగరము తొడుగుకొను సంప్రదాయము నడచుచున్నది. ఉంగరము మంచిదే. కాని ఉంగరమున్న వ్రేలు ఎత్తినపుడు పని ఆగవలెను. అది లేనిచో ఉంగర మలంకారము మాత్రమే.

మన దేశమున 2025 నవంబరు 21 నుండి క్రొత్త కార్మిక స్మృతులు అమలులోనికి వచ్చినవి. అందు వృత్తి భద్రత, ఆరోగ్యము, పని పరిస్థితులకు సంబంధించిన 2020 నాటి స్మృతి నిర్మాణ పనులకు కూడ వర్తించును. 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టము ప్రకారము ఐదువందలమంది పనిచేయుచోట భద్రతాధికారిని నియమింపవలసి యుండెను. క్రొత్త స్మృతి దానిని రెండువందల యేబదికి తగ్గించినది. ప్రాణాపాయము పొంచియున్నదని తోచినపుడు ఆ సంగతిని యజమానికిని, తనిఖీ అధికారికిని తెలియజేయు హక్కును పనివానికి ఇచ్చినది. ఇది ముందడుగే. కాని నగరపు టంచున లేచు కట్టడములలో ఎక్కువ పాలు రెండువందల యేబదిమంది పనిచేయునవి కావు. ముప్పది, నలువదిమందితో నడచునవి. అచ్చట చట్టము ప్రకారము ప్రత్యేక భద్రతాధికారి యుండడు. ఆ బాధ్యత యంతయు మేనేజరు మీదనే, అందును తఱచుగా ఇరువదియైదేండ్లు నిండని పట్టభద్రుని మీదనే పడును. అతనిని నియమించినవాడు పని వేగముగా జరుగవలెననువాడే. అతని జీతము, పైపదవి ఆ వేగముతో ముడిపడినవే. అట్టివాడు “ఆపుడు” అన్నచో, మరునాడు అతని యుద్యోగము ఆగకుండ కాపాడునది ఏది? స్మృతిలో పనివాని హక్కు వ్రాసినట్లే, ఒప్పందములలో ఈ నడుమవాని హక్కును స్పష్టముగా వ్రాయవలెను. అపాయమును చూచి పని ఆపిన ఇంజనీరును ఆ కారణమున శిక్షింపరాదను నియమము ప్రతి టెండరు కాగితములోను ఉండవలెను. ఆపిన గంటకు కూలి కోయరాదను మాట కూడ దాని ప్రక్కనే ఉండవలెను. లేనిచో ఆపుమని కోరుటకు కూలివానికే నోరు రాదు.

ఇంకొక చిక్కు భాషది. పాలమూరు కూలీలు ఒకనాడు గుంపు మేస్త్రీల వెంట దేశమంతట తిరిగి ఆనకట్టలు, కాలువలు కట్టిరి. తెలియని భాషలు మాటలాడు దొరలక్రింద పనిచేసిరి. నేడు మన పొలిమేరలలో ఒడిశా, బీహారు, ఛత్తీస్‌గఢ్, బెంగాలు రాష్ట్రముల పనివారు మన భాష తెలియక నిలుచున్నారు. మేనేజరు చదివినది ఇంగ్లీషున. మేస్త్రీ మాటలాడునది తెలుగున లేదా హిందీలో. కందకములో దిగినవాడు ఆలోచించునది ఒడియాలో. గోడకు వ్రేలాడదీసిన హెచ్చరిక పలక ఇంగ్లీషున నున్నచో, అది తనిఖీకి వచ్చు అధికారికొఱకే గాని ప్రాణము గలవానికొఱకు కాదు. మంచి మేనేజరు పది ఒడియా మాటలు నేర్చుకొనును. “జాగ్రత్త”, “బయటికి రా”, “ముట్టకు” అను మాటలు తెలిసినను ఒక ప్రాణము నిలుచును. ఉపాధ్యాయులకు కూడ ఇచ్చట పని యున్నది. ఆ కూలీల పిల్లలు మన బడుల గడపవరకు వచ్చుచున్నారు. కొందరు గడప దాటలేక పనిచోటనే, ఇసుక కుప్పలమీదనే, లారీల నడుమనే ఆడుకొనుచున్నారు. బడిలో చేరిన పిల్లవాడు పగటిపూట గోడ క్రింద నుండడు.

ఇంజనీరింగు చదువునకు పోవు విద్యార్థులలో సివిలు శాఖ నడుగువారు నేడు తక్కువ. కంప్యూటరు శాఖకే పోటీ. ఎండలో నిలుచు ఉద్యోగము పిల్లనిచ్చువారికి గౌరవముగా తోచుట లేదు. అయినను ఇండ్లు, దారులు, నీటి గొట్టములు లేక ఏ కంప్యూటరును నడువదు. ఈ వృత్తికి రావలసిన పిల్లలకు కావలసిన గుణములు కళాశాలలో మొదలగునవి కావు. వైశాల్యములు, ఘనపరిమాణములు బడిలో నేర్చినవే. బడి ప్రహరీ గోడ పొడవు, ఎత్తు కొలిచి, ఇటుకలెన్ని పట్టునో లెక్క కట్టించినచో, క్షేత్రగణితము పుస్తకము విడిచి నేలమీదికి వచ్చును. అంతకంటె ముఖ్యమైనది వ్రాత. చూచినది చూచినట్లు, తేదీతో, కొలతతో, విశేషణములు లేక ఐదు వాక్యములలో వ్రాయు అభ్యాసము మన తెలుగు తరగతులలో అరుదు. వర్షాకాలముమీద వ్యాసము వ్రాయుమన్న, పుస్తకములోని మాటలే తిరిగి వచ్చును. నిన్న సాయంకాలము ఎన్ని గంటలకు వాన మొదలైనది, ఏ వీథిలో నీరు నిలిచినది, ఎంత లోతున నిలిచినది అని వ్రాసినవాడు తప్పక తక్కువ మార్కులు పొందును. కాని రేపు పనిచోట కావలసినవాడు అతడే.

దినచర్య పుస్తకమును కొందరు వారమున కొకసారి కూర్చుండి ఒక్కపెట్టున నింపుదురు. చేయని పరీక్షకు ఫలితము వ్రాయుట, వెనుకటి తేదీ వేసి సంతకము చేయుట అచ్చటనే మొదలగును. మొదటి సంతకమున చేయి వణకును. పదవ సంతకమున వణకదు. కట్టడము కూలిన తరువాత విచారణకు వచ్చువారు మొదట అడుగునది ఆ పుస్తకమునే. అప్పుడు దానిలో సత్యము లేకున్నచో ఎవరి దోషమును తేలదు. ఎవరి నిర్దోషమును తేలదు. చచ్చినవానికి న్యాయమును లేదు, మరొకచోట బ్రదికియున్నవానికి పాఠమును లేదు.

కావున ప్రాజెక్టు మేనేజరు పని త్వరపెట్టుట అనుకొనుట పొరపాటు. త్వరపెట్టుటకు ఎందరైనను కలరు. కాగితము చెప్పినదానిని నేలకును, నేల చెప్పినదానిని కాగితమునకును ఉన్నదున్నట్లు చేరవేయువాడు అతడొక్కడే. వానకాలమున ఒక సాయంకాలము రావల్కోల్ వంటి యూరి యంచున అట్టి యువకు డొకడు తన పుస్తకము తెఱచి, “మూడు గంటలకు వాన. తూర్పు కందకపు అంచు జారుచున్నది. ఆఱుగురిని పైకి రప్పించితిని. పని ఆపితిని” అని వ్రాసినాడనుకొందము. ఆనాటి లెక్కలో పని తగ్గినట్లే కనుపించును. పైవారు కోపపడవచ్చును. రాత్రికి ఆఱుగురును తమ తమ పొయ్యిలవద్ద కూర్చుండి అన్నము తిందురు. ఆ పుటను చదివి, ఆ యువకుని మందలింపక మెచ్చుకొను యజమానులు ఎందరున్నారను దానిమీదనే మన కట్టడముల భద్రత ఆధారపడి యున్నది.